పాత ఇల్లు కొని బాగుచేసుకోవాలంటే ఎంతకు అడగాలి?

అమ్మకానికి పెట్టిన పాత ఇల్లు చూడటానికి వెళ్తే, అమ్మేవాళ్ల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "గజం నలభై వేలు లెక్కేసుకోండి, ఇల్లు మీకు ఊరికే వచ్చినట్టే." వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఊరికే వచ్చిన ఆ ఇల్లే ఆ తర్వాత మన చేత లక్షలు ఖర్చు పెట్టిస్తుంది. స్లాబు పెచ్చులు, పాత వైరింగు, రోడ్డు కంటే పల్లంలో ఉన్న గచ్చు, ఇవేవీ గజాల లెక్కలో కనపడవు.

కాబట్టి వాళ్లు చెప్పిన ధర పట్టుకుని అందులోంచి ఎంత తగ్గిద్దామా అని మనం ఆలోచించం. బాగుచేశాక ఆ ఇల్లు ఎంత పలుకుతుందో ముందు తేల్చుకుని, అక్కణ్నుంచి వెనక్కి తీసివేసుకుంటూ వస్తాం. మిగిలిందే మన ధర. ఇంతకుముందు ఎప్పుడూ ఇల్లు కొనని వాళ్లు కూడా ఈ లెక్క చేసుకోవచ్చు. కూడికలు, తీసివేతలు, కాస్త గుణకారం, భాగహారం వస్తే చాలు.

అర్థం కావడానికి ఒక ఇల్లు అనుకుందాం. కాకినాడలో, సముద్రపు గాలి తగిలే పేటలో, 1985 ప్రాంతంలో కట్టిన డాబా ఇల్లు. దస్తావేజులో 165 గజాలు. గజం 40 వేల చొప్పున 66 లక్షలు చెబుతున్నారు. ఇక్కడ వేసే ధరలన్నీ లెక్క చూపించడానికే. మీ ఊళ్లో, మీ వీధిలో ఉన్న ధరలు మీరు కనుక్కుని వేసుకోవాలి.

దగ్గర ఉంచుకోవలసినవి

- పొడవాటి టేపు. అయిదు మీటర్ల చిన్న టేపుతో స్థలం కొలిస్తే తప్పు వస్తుంది.
- మేస్త్రీలు లెవెల్ చూసే సన్నటి పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు, ఒక బాటిల్ నీళ్లు.
- చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు, సుద్దముక్క, మంచి టార్చి.
- నోటుపుస్తకం. ఫోన్లో ఫోటోలు తీసినా ఏ ఫోటో ఏ గదిదో ఇంటికొచ్చాక గుర్తుండదు. గది పేరు కాగితం మీద రాసి, ముందు దాన్ని ఫోటో తీసి, తర్వాత గది తీద్దాం.
- మనతో వచ్చే మేస్త్రి. అమ్మేవాళ్లకు తెలిసిన మేస్త్రి కాదు, మనకు తెలిసినవాడు. అతని సగం రోజు కూలి మనమే ఇద్దాం. ఉచితంగా వచ్చినవాడు పని తనకే రావాలన్న ఆశతో ఖర్చు తక్కువ చేసి చెబుతాడు.

కుదిరితే ఆషాఢంలో వెళ్దాం. శూన్యమాసం అని చాలామంది కొత్త బేరాలు పెట్టుకోరు కనుక హడావిడి ఉండదు, అమ్మేవాళ్లు తీరిగ్గా మాట్లాడతారు. పైగా వానలు మొదలవుతాయి. ఎండాకాలంలో పొడిగా కనిపించిన గోడ అసలు రూపం అప్పుడు బయటపడుతుంది.

పద్ధతి

1. ముందు గజాలు కొలుద్దాం.

దస్తావేజులో ఉన్న గజాలు వేరు, నేల మీద ఉన్న గజాలు వేరు కావచ్చు. నాలుగు వైపులా కొలవడంతో ఆగిపోకుండా మూల నుంచి మూలకు కూడా కొలవాలి. నాలుగు కొలతలూ సరిపోయినా స్థలం ఒక పక్కకు వాలి ఉంటే విస్తీర్ణం తగ్గిపోతుంది, ఆ సంగతి మూల కొలతే చెబుతుంది. చదరపు అడుగులను 9తో భాగిస్తే గజాలు.

మన ఉదాహరణలో దస్తావేజు ప్రకారం 27 అడుగుల వెడల్పు, 55 అడుగుల లోతు, అంటే 165 గజాలు. కొలిస్తే లోతు 52 అడుగుల 8 అంగుళాలే వచ్చింది. ఎప్పుడో డ్రైనేజీ కాలువ కట్టినప్పుడు ముందు ప్రహరీ వెనక్కి జరిగింది. ఇప్పుడున్నది 158 గజాలు. ఏడు గజాలు, గజం 40 వేల చొప్పున రెండు లక్షల ఎనభై వేలు. టేపు పట్టుకున్న అరగంటలో తేలిన తేడా ఇది.

సెంట్లలో చెబితే సెంటుకు 48.4 గజాలు వేసుకుందాం. అంకణాల్లో చెబితే మాత్రం అంకణం అంటే ఎన్ని చదరపు అడుగులో అడిగి రాసుకుందాం, అది ఊరిని బట్టి మారుతుంది.

2. రోడ్డు ఎత్తు చూద్దాం.

కొత్తవాళ్లలో ఎక్కువమంది వదిలేసేది ఇదే. అందుకే కాస్త నిదానంగా చూద్దాం. పాత పేటల్లో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది వేస్తూ పోయారు. కట్టిన రోజున రోడ్డుకు రెండడుగుల పైన ఉన్న ఇల్లు ఇప్పుడు రోడ్డుకు సమానంగానో, పల్లంలోనో ఉంటుంది. కంటితో చూస్తే తెలియదు, గుమ్మం ముందున్న ర్యాంపు కన్నును మోసం చేస్తుంది.

ప్లాస్టిక్ పైపు నిండా నీళ్లు పోద్దాం. మధ్యలో గాలి బుడగ లేకుండా చూసుకోవాలి, బుడగ ఉంటే కొలత తప్పు. ఒకరు పైపు ఒక చివరను హాల్లో గచ్చు మీద నిలువుగా పట్టుకోవాలి, మరొకరు రెండో చివరను రోడ్డు మధ్యలో పట్టుకోవాలి. నీళ్లు కదలకుండా నిలిచాక రెండు చోట్లా నేల నుంచి నీటిమట్టం దాకా కొలుద్దాం. లోపల 30 అంగుళాలు, రోడ్డు మీద 36 అంగుళాలు వస్తే మన గచ్చు రోడ్డుకు ఆరు అంగుళాల పైన ఉన్నట్టు. లోపలి కొలతే ఎక్కువ వస్తే ఇల్లు పల్లంలో ఉన్నట్టు, పెద్ద వాన పడితే నీళ్లు లోపలికే.

"మట్టి పోసి గచ్చు ఎత్తు చేసుకుంటే సరి" అంటారు. ఒకటిన్నర అడుగు ఎత్తు చేస్తే పదడుగుల గది ఎనిమిదిన్నర అవుతుంది. ఏడడుగుల గుమ్మం అయిదున్నర అవుతుంది, అంటే ప్రతి ద్వారబంధమూ పీకి, పైన గోడ కోసి మళ్లీ పెట్టాలి. కిటికీలు మోకాళ్ల దగ్గరికొస్తాయి. జాకీలు పెట్టి ఇంటిని మొత్తంగా పైకి లేపే పద్ధతి ఉంది. అందుకు చదరపు అడుగుకు ఇంతని తీసుకుంటారు, పైగా పునాది, గోడలు గట్టివైతేనే పనికొస్తుంది. కాబట్టి పల్లంలో పడ్డ ఇంటికి ఆ ఖర్చు వేరే గీత కింద రాసుకోవాలి. మన ఉదాహరణలో ఆరు అంగుళాల పైన ఉంది కాబట్టి ఈ గీత దగ్గర సున్నా వేసి ముందుకు పోదాం.

3. పైనుంచి కిందికి ఇల్లు చూద్దాం.

మొదట డాబా ఎక్కుదాం. నీళ్లు నిలిచిన మరకలు, పిట్టగోడ మొదట్లో పగుళ్లు, మొలిచిన రావిమొక్కలు చూద్దాం. రావిమొక్క పైకి జానెడే ఉన్నా వేరు గోడలోకి చాలా దూరం పోయి ఉంటుంది.

తర్వాత కింద నుంచి స్లాబు. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి కడ్డీకి తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటును తోసేస్తుంది. అదే పెచ్చులూడటం. ఊడిన చోటు ఎవరికైనా కనిపిస్తుంది. ఊడబోయే చోటు కనిపెట్టడానికే సుత్తి తెచ్చుకున్నాం. నిచ్చెన వేసుకుని అడుగుకొకసారి మెల్లగా కొడుతూ పోదాం. గట్టి చోట ఖంగుమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిన మేర చుట్టూ సుద్దతో గీత గీసి ఫోటో తీద్దాం. ఇంటివాళ్లను అడిగే కొట్టాలి, నెత్తి మీద పెచ్చు పడకుండా పక్కకు నిలబడి కొట్టాలి. సజ్జల అంచులు, బాత్రూమ్ పైకప్పు, వంటగది పొయ్యి పైభాగం తప్పక చూద్దాం. ఒక గదిలో సగానికి పైగా డొల్ల పలికితే అది మేస్త్రి తేల్చే విషయం కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించాలి. ఆయన ఫీజు అయిదారు వేలో పదివేలో కావచ్చు, ఇంత పెద్ద కొనుగోలులో అది లెక్కలోకి రాదు.

గోడల్లో వెంట్రుక పగుళ్లకు భయపడనక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఐమూలగా, మెట్లు మెట్లుగా పోయి, అందులో రూపాయి బిళ్ల దూరేంత ఉంటే పునాది కదిలిందని అనుమానించాలి. నల్లరేగడి నేలలు వానకు ఉబ్బి ఎండకు కుంగుతాయి కాబట్టి డెల్టా ఊళ్లలో ఇది ఎక్కువ. గోడల అడుగున మూడడుగుల దాకా నిమ్ము ఉంటే రంగు వేసినా నిలవదు.

తలుపులు, ద్వారబంధాల అడుగున స్క్రూడ్రైవరుతో గుచ్చుదాం. మెత్తగా దిగితే చెదలు తిన్నట్టు. స్విచ్చుబోర్డు ఒకటి విప్పించి వైరు చూద్దాం, ఎర్త్ వైరు లేకపోతే వైరింగు మొత్తం మార్చాల్సిందే. పాత జీఐ పైపులైతే కుళాయి తిప్పి మొదటి నీళ్ల రంగు చూస్తే చాలు. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో అడుగుదాం. ఎవరూ చెప్పలేకపోతే అది వంటగది కింద ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఇంకో మాట. ఏళ్ల తరబడి రంగు చూడని ఇంట్లో ఒక్క గదికే కొత్త రంగు వేసి ఉంటే, ఆ గదిలోనే ఎక్కువసేపు నిలబడదాం. కొత్త ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక తీసి చూపించమందాం.

పెంకుటిల్లు, మండువా ఇల్లు అయితే లెక్క వేరు. అక్కడ స్లాబు లేదు, విలువంతా కలపలో ఉంటుంది. గోడలో దిగిన దూలాల చివర్లు గట్టిగా ఉంటే ఆ ఇల్లు బతికినట్టే. పాత కలప కొనే వ్యాపారిని తీసుకెళ్లి విడిగా ధర కట్టిస్తే ఆ అంకె మన లెక్కకు పనికొస్తుంది.

4. మరమ్మతు ఖర్చు పనివారీగా రాద్దాం.

"మొత్తం మీద పదిహేను లక్షలు అవుతుందండీ" అని మేస్త్రి చెప్పింది లెక్క కాదు. పని పనికీ విడిగా రాయించాలి. మన ఇంటికి ఇలా వచ్చిందనుకుందాం:

- స్లాబు మరమ్మతు, డాబా మీద వాటర్‌ప్రూఫింగ్: 3.5 లక్షలు
- వైరింగు: 1.75 లక్షలు
- పైపులు, రెండు బాత్రూమ్‌లు: 3 లక్షలు
- వంటగది: 2 లక్షలు
- ఫ్లోరింగ్: 2.25 లక్షలు
- తలుపులు, కిటికీలు: 1.25 లక్షలు
- ప్లాస్టరింగ్, రంగులు: 2.25 లక్షలు

మొత్తం 16 లక్షలు. దీని మీద అయిదో వంతు, అంటే 3.2 లక్షలు, కనపడని వాటి కోసం కలుపుదాం. బాత్రూమ్ పలకలు పీకితే కింద ఏముందో పీకేదాకా ఎవరికీ తెలియదు. యాభై ఏళ్లు దాటిన ఇంటికైతే మూడో వంతు కలపడం మంచిది. ఈ 3.2 లక్షలను చాలామంది బేరం ఊపులో వదిలేస్తారు. ధర కుదరడం కోసం ఈ గీత కొట్టేయాలనిపిస్తే, ఆ రోజుకు బేరం ఆపి ఇంటికి రావడం మేలు.

వాస్తు పట్టింపు ఉన్నవాళ్లు ఇక్కడే దాని ఖర్చు కూడా రాసుకోవాలి. మెట్లు మార్చాలా, వంటగది ఆగ్నేయానికి జరపాలా, ఇవన్నీ గృహప్రవేశం ముందు గుర్తొస్తే ఖర్చు రెట్టింపు. పట్టింపు లేనివాళ్లకు వీధిపోటు ఉన్న ఇల్లు తక్కువకు దొరుకుతుంది. కానీ రేపు మనం అమ్మినా తక్కువకే పోతుంది, కాబట్టి తర్వాతి మెట్టులో ఆ తగ్గింపును కూడా వేసుకోవాలి.

5. బాగుచేశాక ఎంత పలుకుతుంది?

అదే వీధిలో, అంతే స్థలంలో, బాగున్న ఇల్లు ఈమధ్య ఎంతకు అమ్ముడుపోయిందో కనుక్కోవాలి. బోర్డు మీద పెట్టిన ధర కాదు, చేతులు మారిన ధర. రిజిస్ట్రేషన్ కాగితంలో రాసింది చాలాసార్లు అసలు ధర కంటే తక్కువే ఉంటుంది కనుక అది ఒక్కటే చూసినా లాభం లేదు. ఇద్దరు ముగ్గురు మధ్యవర్తులను విడివిడిగా అడుగుదాం. కొనబోతున్నామని ఒకరి దగ్గర, అమ్మబోతున్నామని ఇంకొకరి దగ్గర అడిగి చూస్తే రెండు జవాబుల మధ్యలో నిజం ఉంటుంది. బ్యాంకు అప్పు తీసుకునేవాళ్లకు బ్యాంకు వాల్యుయర్ చెప్పే అంకె కూడా దొరుకుతుంది.

వీధిలో అతి మంచి ఇల్లు ఎంతకు పోయిందో అదే మన ఇంటికీ పైకప్పు. ఇటాలియన్ మార్బుల్ పరిచినా ఆ వీధి ధర దాటదు. మన ఉదాహరణకు 85 లక్షలు అనుకుందాం.

6. వెనక నుంచి లెక్క కడదాం.

85 లక్షల్లోంచి ఒక్కొక్కటే తీసేద్దాం.

- మరమ్మతు 16
- కనపడని ఖర్చులు 3.2
- మధ్యవర్తి కమీషను, లాయరు, ఇంజినీరు, సర్వేయరు కలిపి 1
- పని జరిగే ఆరు నెలలూ మనం ఉండే అద్దె ఇంటికి నెలకు 15 వేల చొప్పున 0.9
- మన శ్రమకు, రిస్కుకు 5

ఈ చివరి అయిదు లక్షలు చూసి కొందరు నవ్వుతారు, మన ఇంటికి మనమే కూలి తీసుకుంటామా అని. తీసుకోవాలి. అది తీయకపోతే ఆరు నెలలు దుమ్ములో తిరిగి చివరికి బజారు ధరకే ఇల్లు కొన్నట్టవుతుంది. అలాంటప్పుడు సిద్ధంగా ఉన్న ఇల్లే కొనుక్కోవచ్చు కదా. బాగుచేసి అమ్మాలనుకునేవాళ్లకు అయిదు చాలదు, వడ్డీ కూడా విడిగా వేసుకోవాలి.

తీసివేస్తే మిగిలింది 58.9 లక్షలు. ఇదే ధర అనుకుని ఆగిపోకూడదు, ఇందులోంచే రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా పోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. తెలంగాణలో విడదీసే తీరు వేరైనా మొత్తం అంతే. మనం ఇచ్చే ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. అందుకని 58.9ని 1.075తో భాగిద్దాం. 54.79 వస్తుంది. కాస్త తగ్గించుకుని 54.5 లక్షలు అనుకుందాం.

ఇదే మన హద్దు. ఈ అంకెను నోటుపుస్తకంలో రాసి గీత గీద్దాం. అమ్మేవాళ్ల ఇంట్లో కాఫీ తాగుతూ ఈ అంకెను మార్చకూడదు.

7. స్థలం ధరతో సరిచూద్దాం.

ఇప్పుడు అమ్మేవాళ్ల వైపు నుంచి చూద్దాం. అదే పేటలో ఖాళీ స్థలం గజం 32 వేలకు పోతోందనుకుందాం. 158 గజాలకు 50.56 లక్షలు. పాత ఇల్లు కూల్చి, ఆ చెత్త తోలించడానికి లక్షన్నర తీస్తే సుమారు 49 లక్షలు. ఏ బిల్డరొచ్చినా ఆ చుట్టుపక్కలే ఇస్తాడు. కాబట్టి 49 లోపు అడిగితే అమ్మేవాళ్లకు మనకే ఇవ్వాల్సిన అవసరం లేదు. 54.5 దాటితే మనం కొనాల్సిన అవసరం లేదు. మన బేరమంతా ఈ రెంటి మధ్యే.

కొన్ని పేటల్లో ఈ లెక్క తలకిందులవుతుంది. ఖాళీ స్థలం గజం 38 వేలుంటే, 60 లక్షల పైన వస్తుంది. కూల్చే ఖర్చు పోయినా 58.5, అది మన హద్దు కంటే ఎక్కువ. అక్కడ వాళ్లు అమ్ముతున్నది స్థలం, ఇల్లు కాదు. అపార్టుమెంటు కట్టేవాడితో మరమ్మతు చేసుకునేవాడు పోటీ పడలేడు. ఎంత నచ్చినా ఆ ఇల్లు వదిలేయాల్సిందే.

8. చేతిలో డబ్బు సరిపోతుందా?

ఇల్లు విలువ కట్టడం ఒకటి, అంత డబ్బు మన దగ్గర ఉండటం ఒకటి. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా గృహరుణానికి ఆస్తి విలువలో 80 శాతమే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవదు. 54.5కి కొంటే అప్పు ఎక్కువలో ఎక్కువ 43.6 లక్షలు, మనం పెట్టాల్సింది 10.9. రిజిస్ట్రేషన్‌కు సుమారు 4.1, ఇతర ఖర్చులకు లక్ష. అంటే తాళం చేతికొచ్చేసరికే 16 లక్షలు పోతాయి. మరమ్మతు డబ్బు ఆ తర్వాత. పాత కట్టడానికి బ్యాంకు విలువ తక్కువ కడితే అప్పు ఇంకా తగ్గుతుంది. చేతి డబ్బు లెక్క ప్రకారం వచ్చిన హద్దు చిన్నదైతే అదే అసలు హద్దు.

9. కాగితాలు చూపించాకే ధర చెబుదాం.

లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లు తీసుకుని లాయరుకు ఇద్దాం. 1983 నుంచి లావాదేవీల ఈసీ కంప్యూటర్‌లో దొరుకుతుంది, అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగాలి. 1985 ప్రాంతంలో కట్టిన ఇంటికి స్థలం 1983కి ముందే కొని ఉండొచ్చు కనుక ఆ పాత ఈసీ కావాల్సిందే. స్థలం నిషేధిత జాబితాలో ఉందేమో, మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు వెడల్పు కింద ఎంత పోతుందో కూడా చూపిద్దాం.

తండ్రి పేరున ఉన్న ఇల్లు కొడుకు అమ్ముతుంటే అక్కచెల్లెళ్ల సంతకాలు అడగడానికి మొహమాటపడొద్దు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం వచ్చింది, 2005లో దేశమంతటా వచ్చింది. "కట్నం ఇచ్చేశాం" అన్న మాట కోర్టులో నిలవదు.

కాగితాల లోపానికి ధర తగ్గించుకుని సర్దుకుపోవడం మాత్రం వద్దు. స్లాబు పాడైతే డబ్బుతో బాగవుతుంది, హక్కు పాడైతే ఎంత తగ్గించుకున్నా చాలదు.

10. ధర చెబుదాం.

ఇంటిని తక్కువ చేసి మాట్లాడొద్దు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఆ హాల్లోనే పిల్లల పెళ్లిళ్లు చేసి ఉంటాడు. పెచ్చుల ఫోటోలు ముందు పెట్టి మాట్లాడే కంటే లెక్క కాగితం ఇవ్వడం మంచిది. ఇలా మొదలుపెట్టొచ్చు:

"బాబాయిగారూ, టేపు పెట్టి కొలిస్తే 158 గజాలు వచ్చిందండి. ఇల్లు మాకు నచ్చింది, కూల్చే ఉద్దేశం లేదు, బాగుచేసుకుని ఉంటాం. స్లాబుకీ వైరింగుకీ అయ్యే ఖర్చు ఈ కాగితంలో రాశాను, మీరూ ఒకసారి చూడండి. 49 దాకా ఇవ్వగలం. రెండు నెలల్లో రిజిస్ట్రేషన్ చేయించుకుంటాం."

కూల్చం అన్న మాట మీ మనసులో నిజంగా ఉంటేనే అనండి. చాలామంది పెద్దవాళ్లకు అది లక్షతో సమానం.

తర్వాత పెంచేటప్పుడు అడుగులు చిన్నవవుతూ పోవాలి: 49, 51.5, 53, 54. ఒక్కో అడుగుకూ ఏదో ఒకటి అడుగుదాం. పై భాగంలో అద్దెవాళ్లుంటే వాళ్లను ఇంటివాళ్లే ఖాళీ చేయించడం, ఇంటిపన్ను బకాయి కట్టడం, టేకు బీరువా వదిలేయడం. ధర కుదిరాక కొద్ది మొత్తం బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుందాం. అందులో కొలిచిన గజాలు, ఖాళీ స్వాధీనం, గడువు తేదీ, కాగితాల్లో లోపం తేలితే బయానా తిరిగివ్వాలన్న షరతు ఉండాలి.

తరచూ జరిగే పొరపాట్లు

బయానా ముందు, కాగితాలు తర్వాత. "రేపు ఇంకో పార్టీ వస్తోంది" అని మధ్యవర్తి తొందరపెడతాడు. ఆ పార్టీ చాలాసార్లు రాదు. వచ్చినా కాగితాలు చూసేదాకా ఆగే ఇంటివాళ్లతోనే మనకు పని.

సగం నల్లడబ్బుకు ఒప్పుకోవడం. కాగితంలో తక్కువ రాస్తే స్టాంపు ఖర్చు మిగులుతుందని చెబుతారు. కానీ బ్యాంకు అప్పు తగ్గుతుంది, రేపు మనం అమ్మినప్పుడు లాభం ఎక్కువ కనిపించి పన్ను మన మీద పడుతుంది. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం అసలే ఒప్పుకోదు.

టీడీఎస్ మర్చిపోవడం. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లమే ఒక శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. మన బేరం సరిగ్గా ఆ గీత దగ్గరే తిరుగుతోంది కనుక ఇది ముందే చెప్పాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ రోజు "అర లక్ష తగ్గించి ఇచ్చారేమిటి" అని గొడవ. అమ్మేవాళ్లు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన పిల్లలైతే నియమం పూర్తిగా వేరు. 50 లక్షల పరిమితి వర్తించదు, పట్టుకోవాల్సిన శాతం చాలా ఎక్కువ. ఆడిటరును కలవకుండా పైసా ఇవ్వొద్దు. వాళ్లు పంపిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడ చెల్లుతుందో లేదో లాయరు చూడాలి.

పక్కింటి ధరతో పోల్చడం. పక్కింటికి రెండు వైపులా రోడ్డు ఉండొచ్చు, గచ్చు ఎత్తులో ఉండొచ్చు. "వాళ్లకు 70 వచ్చింది" అన్నప్పుడు, ఆ ఇల్లు ఏ స్థితిలో అమ్మారని అడుగుదాం.

ఆఖరి చూపు వదిలేయడం. రిజిస్ట్రేషన్ రోజు ఉదయం, ఆఫీసుకు వెళ్లే ముందు, నోటుపుస్తకం పట్టుకుని ఇల్లంతా ఇంకోసారి తిరుగుదాం. బోరు మోటారు, ఫ్యాన్లు, దేవుడి గది టేకు తలుపులు, ఇత్తడి కుళాయిలు, అగ్రిమెంటులో రాసినవన్నీ ఉన్నాయో లేదో టిక్కు పెట్టుకుంటూ చూడాలి. అద్దెవాళ్లున్న భాగం నిజంగా ఖాళీ అయిందా, తాళం తీయించి లోపలికి వెళ్లి చూడాలి. ఏదైనా తగ్గితే సంతకం ముందే మాట్లాడుకుని, దాని ఖరీదు చెక్కులో తగ్గించి రాద్దాం.